ఏకాంబరం అడుగు చూడనిదే వదలడు

ఏకాంబరానికి మూత పడదు. కొందరికి వంకాయ పడదు, కొందరికి దుమ్ము పడదు. ఆయనకు మూత పడదు. మూసి ఉన్న వస్తువేదైనా కంటపడితే చాలు, అరికాలి మంట నెత్తికెక్కుతుంది. దాన్ని తీసి చూడాలి. లోపల ఇంకో మూత ఉంటే, మూసినవాడి వంశాన్నంతా తిట్టుకుంటూ అదీ తీయాలి. అడుగు కనబడేదాకా ఆయనకు ఊపిరాడదు, పక్కనున్నవాళ్ళకు పరువుండదు. ఆయన నోటికి కూడా మూత లేదన్నది వేరే సంగతి. ఆ మనిషిలో ఒకే ఒక్క మర్యాద ఏమిటంటే, తీసిన మూతలన్నిటినీ ఆఖరున తీసినది మొదటగా, వరస తప్పకుండా మళ్ళీ పెట్టేసి పోతాడు.

చంద్రగిరిలో మేనకోడలి పెళ్ళికి వెళ్ళాడు. పెళ్ళికొడుకు స్నేహితులు రంగుకాగితం చుట్టిన ఒక పెద్ద పెట్టె తెచ్చి వేదిక మీద పెట్టారు. ఫోటో కోసం ఎక్కిన ఏకాంబరం కెమెరా వైపు చూడలేదు, పెట్టె వైపు చూశాడు. కాగితం చించాడు. పెట్టెలో పెట్టె. దాంట్లో ఇంకో పెట్టె. వెనక నలభై మంది వరసలో నిలబడి ఉన్నారు, కింద సాంబారు చల్లారిపోతోంది, పెళ్ళికూతురి తండ్రి పళ్ళు నూరుతున్నాడు. పదిహేనో పెట్టెలో పసిపిల్లల పాలపీక దొరికింది. దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి, "అడుగున ఇది ఉండాది" అని అందరికీ చూపించాడు. తర్వాత పదిహేను పెట్టెలనూ ఒకదాంట్లో ఒకటి పెట్టి మూసేదాకా వేదిక దిగలేదు. ఆ పెళ్ళి ఆల్బంలో ఏ పేజీ తిప్పినా ఒక మూల వంగి ఉన్న ఏకాంబరం వీపు కనిపిస్తుంది.

ఊరుగాయ జాడీ మూత బిగుసుకుపోతే దానితో కుస్తీ పట్టి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు ఒకసారి. పుత్తూరులో దేవరాజులు అనే పెద్దాయన ఎముక సరిచేసి, ఆకు వేసి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు. బస్టాండు చేరేలోపల ఏకాంబరం ఆ కట్టు విప్పాడు. లోపల ఏ ఆకు పెట్టారో చూడాలి మరి. మళ్ళీ వెళ్ళి కట్టించుకున్నాడు. ఈసారి రేణిగుంట దాకా ఓర్చుకున్నాడు. మూడోసారి వెళ్ళినప్పుడు దేవరాజులు ఆకుల బుట్ట తెచ్చి ఆయన ముందు పెట్టి, "నాకు చేతగాదప్పా. ఇవి ఆకులు, అవి బద్దలు. నీ చెయ్యి నువ్వే కట్టుకో" అన్నాడు. ఆ మణికట్టు ఇప్పటికీ కొంచెం పక్కకు తిరిగే ఉంటుంది.

ఈ మనిషి దగ్గర లోకేశ్వరి ఉద్యోగం చేస్తోంది. తిరుపతి కొర్లగుంటలో బియ్యం కొట్టు పైన రెండు గదులు. నాలుగు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, ఒక ఏకాంబరం. చిన్న చిన్న సంస్థలకు సాఫ్ట్‌వేర్ రాసిచ్చే ఆఫీసు అది. రోజూ రేణిగుంట నుంచి బస్సులో వచ్చే లోకేశ్వరికి ప్రోగ్రాములు రాయడంలో మంచి చెయ్యి, అంతకంటే మంచి కోపం.

ఆ కోపానికి కారణముంది. చేరిన మొదటి వారమే, పదకొండు గంటలకు, కిటికీ గూట్లో వరసగా పెట్టిన క్యారియర్లన్నిటి మూతలూ ఏకాంబరం తీశాడు. రోజూ చేసే పనే అని మిగతావాళ్ళు తలెత్తలేదు. లోకేశ్వరి క్యారియర్ మూడో గిన్నెలో చెంచా పెట్టి అన్నం కదిపి, మామూలు గొంతుతోనే, అంటే కింద బియ్యం కొట్టువాడికి కూడా వినబడేలాగ, "అడుగున కోడిగుడ్డు" అన్నాడు. ఆ రోజు శనివారం. అందులోనూ వెంకన్న పేరు మీద గుడ్డు కూడా ముట్టని పెరటాసి నెల శనివారం. తిరుపతిలో పెరటాసి శనివారం నాడు అన్నం కింద గుడ్డు దాచుకుని తినడమంటే ఏమిటో ఆ ఊరివాళ్ళకు చెప్పనక్కర్లేదు. పక్క బల్ల దగ్గరి కోమలి వారం రోజులు ఆమె పక్కన కూర్చుని తినలేదు. ఏకాంబరం తిట్టలేదు, నవ్వలేదు, మూత పెట్టి వెళ్ళిపోయాడు. ఆ వెళ్ళిపోవడమే లోకేశ్వరికి ఎక్కువ మండింది. ఎనిమిది నెలలైనా ఆ మంట చల్లారలేదు.

ఆఫీసు ఊడ్చే గురవమ్మ ఒక్కతే ఆయన మూతలు తీయడాన్ని ఏమీ అనేది కాదు. చెత్తబుట్ట మూత కూడా తీసి చూస్తాడు కాబట్టి నిజానికి ఆమెకే ఎక్కువ కోపం రావాలి.

ఇలాంటి మనిషికి సరిగ్గా ఎలాంటి పని వచ్చిందో చూడండి. తిరుపతిలోని ఒక కంటి ఆసుపత్రివాళ్ళు ఏడాదికోసారి పల్లెల నుంచి కంట్లో పొర కమ్మిన ముసలివాళ్ళను బస్సుల్లో తీసుకొచ్చి, ఆపరేషన్ చేసి పంపుతారు. ఊరికొక మనిషి, ఈ ఆఫీసు చేసిచ్చిన ఫారం తెరిచి, ఫోన్‌లో పేర్లు నింపుతాడు. అరవై రెండు పల్లెల పేర్లనూ ఒక్క పట్టికగా చేసి ఇవ్వాలి. పట్టికలో పేరుంటే బస్సు ఎక్కించుకుంటుంది. లేకపోతే దారి పక్కన నిలబడి బస్సు లేపిన దుమ్ము చూసుకోవాల్సిందే, అదీ కనబడితే. మళ్ళీ బస్సు వచ్చేది ఏడాదికి.

ఆ పేర్లు వచ్చే తీరుతోనే చిక్కంతా. ఒక ఊరివాళ్ళు వట్టి పేర్లు పంపుతారు. ఒక ఊరివాళ్ళు వీధికొక పెట్టె చేసి అందులో పేర్లు పెడతారు. ఇంకొకరు వీధి పెట్టెలో ఇంటి పెట్టె, ఇంటి పెట్టెలో మనుషులు. ఈ పెట్టెను ప్రోగ్రాములు రాసేవాళ్ళు అర్రే అంటారు. ఏకాంబరం అర అంటాడు. బీరువాలో ఉండే అరే అది, ఇంగ్లీషువాడు సాగదీసి పలికాడంతే అని ఆయన సిద్ధాంతం. అరలో అర, ఆ అరలో ఇంకో అర. ఏ ఊరిది ఎంత లోతో తీసిచూస్తే తప్ప తెలియదు. ఏకాంబరం కోసమే పుట్టిన పని.

కానీ రాయాల్సింది లోకేశ్వరి. ఆసుపత్రి మనిషిని అడిగితే ఊరు, వీధి, ఇల్లు, అంతకంటే లోతు ఉండదన్నాడు. సరే, మూడు మూతలు తీసేలాగ రాసింది. ఒకటి తెరువు, దాంట్లోది తెరువు, దాంట్లోది తెరువు, పేర్లు తీసుకో, అయిపోయింది. ఏకాంబరం చూసి మండిపడ్డాడు. మూడే అని ఎవరు చెప్పారు, నాలుగోది వస్తే ఏం చేస్తావు, నాలుగు రాస్తే ఐదోది రాదా అని. ఎన్ని మూతలో లెక్కపెట్టకూడదు, మూత కనబడిన ప్రతిసారీ అదే పని మళ్ళీ తననే పిలుచుకోవాలి, అలా రాయమన్నాడు. రానిదాని కోసం రాయను పొమ్మంది లోకేశ్వరి, అంత మాట కాదు గాని ఆ అర్థం వచ్చేలాగ. మర్నాడు ఆయన ఇంటి నుంచి ఒకదాంట్లో ఒకటి పట్టే ఏడు స్టీలు డబ్బాలు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా వాటిమీద తట్టి, "అడుగు" అనేవాడు. నెల రోజులు. రోజుకు పదిసార్లు. అడుగు. అడుగు. అడుగుదాకా పొమ్మంటున్నాడని లోకేశ్వరికి తెలుసు. తెలుసు కాబట్టే పోలేదు. ఆ డబ్బాల్లో పెన్నులు వేసుకుంది.

గడువు రోజు గురువారం. సాయంత్రం నాలుగుకు పట్టిక ఆసుపత్రికి చేరాలి, మర్నాడు తెల్లారేసరికి బస్సులు బయలుదేరతాయి. రెండు గంటలకు ఏకాంబరం వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. పట్టిక చూడలేదు. ప్రోగ్రాం చూశాడు. చూస్తూ చూస్తూ ఒక వరస దగ్గర వేలు పెట్టాడు.

"ఇదేంది?"

"పేరు కాకుంటే వదిలేయమని రాసినాను సార్."

"పేరు కాకుంటే మరేంది అది?"

"చెత్త సార్. ఒక్క ఊరిలోనే వస్తా ఉండాది, రాళ్ళమిట్టలో. ఎవురో తప్పు నొక్కినట్టుండారు. పట్టికలో అసింకంగా కనపడతా ఉంటే తీసేసినాను."

"మూత తీసి సూసినావా?"

"మూడుదాకా తీసినాను."

"నాలుగోది?"

లోకేశ్వరి గడియారం వైపు చూసింది. ఏకాంబరం మాట్లాడాడు. నాలుగో మూత తీయని వాళ్ళ గురించి, చెత్త అని పేరు పెట్టి పారేసేవాళ్ళ గురించి, చెత్తబుట్టలో ఏముందో తాను రోజూ చూస్తున్నాడే ఆ బుద్ధి ఇంత చదువుకున్నవాళ్ళకు ఎందుకు లేదన్న దాని గురించి, ఊపిరి తీసుకోకుండా ఐదు నిమిషాలు. కింద బియ్యం కొట్టులో తూకం ఆగిపోయింది.

లోకేశ్వరికి ఎనిమిది నెలల కోపం ఒక్కసారిగా పొంగింది. కుర్చీ వెనక్కి నెట్టి లేచింది.

"మూసినవన్నీ తీసేదానికి నేను మీ మాదిరి కాదు సార్. ఒకరి గిన్నె అడుగున ఏముంటే మీకెందుకు? ఆ పొద్దు నా గిన్నెలో గుడ్డుంటే ఊరికంతా చెప్పాల్నా?"

గురవమ్మ చీపురు ఆగింది. కోమలి తల వంచుకుని కీబోర్డు మీద వేళ్ళాడిస్తోంది, తెర మీద మాత్రం ఒక్క అక్షరమూ పడటం లేదు. ఏకాంబరం తెర మీద వేలితో తట్టాడు.

"నన్ను తర్వాత తిట్టు మ్మా. ముందు నాలుగోది తియ్."

తీసింది, కసిగా, చేత్తోనే. నాలుగో పెట్టెలో ఒక పేరు, దాని పక్కన ఇంకో పెట్టె. ఐదో దాంట్లో ఒక పేరు, ఒక పెట్టె. ఆరో దాంట్లో వరదయ్య, డెబ్బై ఆరేళ్ళు, రెండు కళ్ళూ. ఏడో దాంట్లో ఇంకొకరు, అరవై తొమ్మిదేళ్ళు, కుడికన్ను. లోకేశ్వరి వేళ్ళు నెమ్మదించాయి. ఇప్పుడు కోపం ఎవరిమీద పడాలో దానికీ తెలియలేదు, తిరిగి తిరిగి ఆమె మీదే పడింది. అసహ్యంగా ఉందని ఆమె తుడిచేసింది చెత్తను కాదు, రెండు కళ్ళూ పోయిన వరదయ్యను.

రాళ్ళమిట్ట ఏర్పేడు దాటి చాలా లోపలికి ఉండే పల్లె. అక్కడ పేర్లు నింపినవాడు చిన్నబ్బ. ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టారు. ఇలా పెట్టెలో పెట్టె ఎందుకు చేశావని లోకేశ్వరి వీలైనంత మర్యాదగా అడిగింది. చిన్నబ్బకు అసలు తప్పేమిటో అర్థం కాలేదు.

"బొత్తాం మీద ‘లోపల చేర్చు’ అని ఉండాది కదా మేడం. దొరస్వామి ఇల్లు దావ మీద ఉండాది, ఆయన్ను రాసినాను. దానికంటే లోపల మునిచంద్ర ఇల్లు. లోపల చేర్చు నొక్కినాను. వాళ్ళకంటే లోపల ఇంకో ఇల్లు. మళ్ళా నొక్కినాను. మా ఊళ్ళో ఇండ్లన్నీ ఒకదానెనక ఒకటి లోపలికే పోతాయి మేడం. ఎవురినీ ఇడిసిపెట్టలా."

చిన్నబ్బ తప్పు చేయలేదు. వాళ్ళ ఊళ్ళో లోపల అంటే దారికి దూరంగా అని. దారి నుంచి ఎంత దూరంగా ఉంటే అంత లోపల. ఊరు ఎలా ఉందో అలాగే నింపి పంపాడు, ఒక్క ఇల్లు దాటవేయకుండా. ఏకాంబరం ముఖం కందగడ్డలాగ ఎర్రబడింది. లోకేశ్వరి చెవులు మూసుకోవడానికి సిద్ధపడింది.

"బొత్తాం మీద ఆ మాట రాసిన ముండాకొడుకు ఎవుడు?" అన్నాడు.

"మీరే సార్," అంది లోకేశ్వరి.

ఆ తర్వాత ఏకాంబరం తనను తాను తిట్టుకున్నంత నిండుగా ఇంకెవరినీ తిట్టినట్టు ఆ ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. వంశాన్ని కూడా వదల్లేదు. అవతల ఫోన్‌లో చిన్నబ్బ భయపడి, పోనీలేండి సార్, మీరు గూడా మనిషే కదా అని ఓదార్చాడు.

రెండుంబావు అయింది. నాలుగు మూతలకు, ఐదు మూతలకు అని రాసుకుంటూ పోతే పని జరగదని లోకేశ్వరికి తెలిసిపోయింది. రేపు ఇంకో ఊరు ఇరవై ఇళ్ళ లోపలికి ఉండవచ్చు. కానీ లోతెంతో తెలియనిదాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. ఏకాంబరం స్టీలు డబ్బాల్లోంచి పెన్నులన్నీ ఒలకబోసి, ఏడింటినీ ఒకదాంట్లో ఒకటి పెట్టి ఆమె ముందుకు తోశాడు.

"అడుగు," అన్నాడు.

"పోతా ఉండాను కదా సార్ అడుగుదాకా. ఎట్ల పోవాల్నో చెప్పకుండా అడుగు అడుగు అంటే?"

"యాడికీ పోవద్దు. అడుగు మ్మా, నోటితో అడుగు. చేతిలో ఏముంటే దాన్ని అడుగు. నువ్వు పేరా, పెట్టెవా? పేరైతే రాసుకో. పెట్టెయితే మూత తీసి, లోపలుండేదాన్ని మళ్ళా అదే మాట అడుగు. ఖాళీగా ఉంటే మూత పెట్టి ఎనక్కి రా. ఎన్ని మూతలని లెక్క నీకెందుకు? అడిగేది ఒకే మాట."

నెల రోజులుగా ఈయన అన్నది ఆ అడుగు కాదు, ఈ అడుగు. అదైనా చెప్పి చావచ్చుగా అని లోకేశ్వరికి ఒళ్ళు మండింది. ఆ మంటతోనే రాసింది. తొమ్మిది వరసలు. ఆ తొమ్మిది వరసలూ పెట్టె కనబడినప్పుడల్లా తమను తామే పిలుచుకుంటాయి. నడిపింది. అరవై ఒక్క ఊళ్ళూ ఉన్నవున్నట్టే వచ్చాయి. రాళ్ళమిట్ట కింద ముగ్గురు ఉన్నచోట పదకొండు మంది వచ్చి నిలబడ్డారు.

కోమలి చప్పట్లు కొట్టింది. లోకేశ్వరి వెనక్కి వాలింది. ఏకాంబరం మాత్రం తెరకు ముక్కు ఆనించి వేళ్ళు మడుస్తున్నాడు.

"పదకొండు పేర్లు. మూతలు పన్నెండు తీసినాది."

"పన్నెండోది ఖాళీ సార్. ఖాళీదైతే ఎనక్కి రమ్మని మీరే చెప్పినారు."

"రాసేది అట్లనే రాయాల. సూసేది అట్ల సూడకూడదు. లోపల ఏమీ లేకుంటే, ఊరికే ఎవుడన్నా పెట్టె చేసి మూత పెడతాడా?"

లోకేశ్వరి ఏదో అనబోయింది. అనకుండా ఫోన్ అందుకుంది. అడగడం వచ్చేసింది ఆమెకు.

చిన్నబ్బ చెప్పడానికి కొంచెం నీళ్ళు నమిలాడు. పన్నెండో ఇల్లు అన్నిటికంటే లోపలిది, కుప్పమ్మది. ఒక కన్ను రెండేళ్ళ కిందటే పోయింది, రెండోది మసకేసింది, పొయ్యి చేత్తో తడిమి చూసుకుని వంట చేస్తుంది. పెట్టె చేసి పేరు రాయబోయే సమయానికి వద్దంది. ఆసుపత్రివాళ్ళు ప్రతి మనిషికీ ఒక తోడు ఉండాలంటున్నారు, రెండు రోజులు. ఆమెకు ఎవరూ లేరు. ఊళ్ళోవాళ్ళలో సగం మంది రోగులు, మిగతా సగం వాళ్ళకు తోడు. ఎవరినీ ఇబ్బంది పెట్టను, నా పేరు రాయొద్దు అని ఒట్టు పెట్టించుకుంది. పేరు రాయలేదు. పెట్టె కొట్టేయడానికి మాత్రం చిన్నబ్బకు చేతులు రాలేదు.

మూడు గంటలా పది నిమిషాలు. ఏకాంబరానికి ఈసారి కోపం ఎంత వచ్చిందంటే గొంతు లేవలేదు.

"పేరు రాయి," అన్నాడు లోకేశ్వరితో. "తోడు అనే కాడ ఏకాంబరం అని రాయి."

"సార్, సంబంధం ఏందని ఇంకో గడి ఉండాది. అది నింపకుంటే ఆసుపత్రోళ్ళు తీసుకోరు."

జీవితంలో మొదటిసారి ఆయన ముందు ఒక ఖాళీ ఉంది, దానికి మూత లేదు. కుప్పమ్మనే అడుగు అన్నట్టు ఫోన్ వైపు చెయ్యి ఊపాడు. చిన్నబ్బ ఫోన్ పట్టుకుని ఊరి లోపలికంటా నడిచాడు, పదకొండు ఇళ్ళు దాటుకుంటూ. అతని ఆయాసం, కుక్కల అరుపులు, ఎవరిదో కుక్కర్ ఈల అన్నీ స్పీకర్‌లో వినబడ్డాయి. విషయం చెప్పగానే ఒక ముసలి గొంతు గయ్యిమంది. ఒట్టు పెట్టి మళ్ళా నా పేరు ఎట్ల ఎత్తినావురా అని చిన్నబ్బను, ఊరూ పేరూ తెలియనోడు నాకు తోడెందుకని ఇంకెవరినో కడిగింది. ఏకాంబరం ఉండబట్టలేక ఇటునుంచి అరిచాడు. ఏడాదికొక్కసారి వచ్చే బస్సును వద్దంటావా, కండ్లు పోగొట్టుకుని ఎవరికి ఉపకారం చేస్తావు అని. ఆమె అటునుంచి అరిచింది. ఐదు నిమిషాలు ఇద్దరూ సమానంగా అరుచుకున్నారు. తర్వాత ఆమె గొంతు తగ్గింది.

"ఈ అరిసేటాయనేనా తోడొచ్చేది? మా తమ్ముడు బతికుండేటప్పుడు ఇట్లనే అరిసేవాడు. తమ్ముడని రాసుకోండి."

నాలుగుకు పది నిమిషాలుండగా పట్టిక వెళ్ళిపోయింది.

శుక్రవారం ఏకాంబరం రాలేదు. పదకొండు అయింది. కిటికీ గూట్లో క్యారియర్లు మూతలతోనే ఉన్నాయి. ఎవరూ చెయ్యి వేయలేదు. ఎనిమిది నెలలుగా ఈ శాంతి కోసమే మొక్కుకున్న లోకేశ్వరికి ఆ గూట్లో ఏదో తక్కువైనట్టు అనిపించి, అలా అనిపించినందుకు తనమీదే చిరాకేసింది. గురవమ్మ కింద కూర్చుని తన క్యారియర్ దగ్గరకు లాక్కుంది. నీకు ఆయన మీద ఎప్పుడూ కోపం రాదా, నీ చెత్తబుట్ట కూడా వదలడు కదా అని లోకేశ్వరి అడిగింది. గురవమ్మ పై గిన్నె తీసి పక్కన పెట్టింది.

"నేను పనిలో చేరినప్పుడు నా క్యారియర్‌లో మూడు గిన్నెలు, రెండిట్లో ఏమీ ఉండేది కాదు పాపా. అందరూ తెస్తారు కదా, చిన్నతనంగా ఉంటాదని మోసుకొచ్చేదాన్ని. సార్ తీసి సూసినాడు. ఖాళీ అని ఎవురికీ చెప్పలేదు. అడుగున గుడ్డుంటే చెప్తాడు, ఏమీ లేకుంటే చెప్పడు. మర్నాటి నుంచీ వాళ్ళింట్లో సాంబారు ఇసం మాదిరి ఉండాదని, తింటే సస్తానని, పారేయమని నా గిన్నెలో పోసేది. ఐదేండ్లాయె. ఆ సాంబారు ఎంత బాగుంటాదో నీకు తెలీదు."

లోకేశ్వరి తన క్యారియర్ మూత తీయకుండానే పక్కకు జరిపింది. కోపమే, కాకపోతే కొత్త రకం కోపం. ఇన్నాళ్ళూ ఒక మనిషిని మూడు మూతల లోతే చూసి, నాలుగోది చెత్త అని వదిలేసినందుకు వచ్చే కోపం.

శనివారం పొద్దున్నే ఆమె ఆసుపత్రికి వెళ్ళింది. వార్డు గుమ్మంలోనే నర్సు పట్టుకుంది. ఏకాంబరం మీవాడేనా అని అడిగి, అవునన్నాక ఊపిరి పీల్చుకోకుండా ఫిర్యాదు చేసింది. దూది డబ్బా తీశాడు, మందుల ట్రే తీశాడు, ఫ్రిజ్ తీశాడు, పక్క మంచం వాళ్ళ ఫ్లాస్కు తీసి టీ అడుగంటిందని చెప్పాడు. "ఈయన ఆ పెద్దామె కంటి కట్టు విప్పేస్తాడని రాత్రి నాకు నిద్ర లేదు తల్లీ," అంది. "పోయి చూస్తే రెండు చేతులూ తొడల కింద పెట్టుకొని కూర్చోనుండాడు. తెల్లారేదాకా అట్లనే ఉండాడు."

ఏకాంబరం అప్పటికీ అలాగే కూర్చుని ఉన్నాడు. మంచం మీద కుప్పమ్మ, కంటి మీద తెల్లని కట్టు. ఆమె ఒళ్ళో ఒక గుడ్డమూట, నాలుగు ముళ్ళు వేసినది. ముళ్ళు వేసినవి వేసినట్టే ఉన్నాయి. లోకేశ్వరి నమ్మలేకపోయింది. ఒక పగలూ ఒక రాత్రీ ఆ మూట పక్కన ఉండి ఏకాంబరం దాన్ని విప్పకపోవడమా? ఒంట్లో బాగుండలేదా సార్ అని అడిగింది.

"కండ్లు కనపడనోళ్ళ మూట విప్పకూడదు మ్మా," అన్నాడు ఆయన విసుగ్గా, ఇది కూడా చెప్పాలా అన్నట్టు. "వాళ్ళు సూడలేనిది మనం సూస్తే దొంగతనం."

డాక్టరు వచ్చి కట్టు విప్పాడు. కుప్పమ్మ రెప్పలు కొట్టింది. కిటికీ చూసింది, ఫ్యాను చూసింది, తన చేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకుంది. తర్వాత మంచం పక్కనున్న మనిషిని, పక్కకు తిరిగిన మణికట్టుతో సహా, కింది నుంచి పై దాకా చూసింది. ఏకాంబరం ఐదడుగులకు రెండంగుళాలు తక్కువ.

"అంత అరిసినోడివి, ఇంతేనా ఉండేది?" అంది.

వార్డంతా నవ్వింది. ఏకాంబరానికి కోపం వచ్చి, తిట్టడానికి నోరు తెరవబోయాడు. కుప్పమ్మ మూట ఆయన చేతుల్లో పెట్టింది. "ఇప్పు. నిన్నటి నుంచి నీ చేతులు కొట్టుకులాడతా ఉండేది నాకు ఇనపడతానే ఉండాది." ఆయన ముళ్ళు విప్పాడు. గుడ్డలో ఇంకో గుడ్డ, దాంట్లో ఒక కవరు, కవర్లో కవరు, అందులో ఒక చిన్న డబ్బా. డబ్బాలో వేయించిన చెనక్కాయలు. తోడు వస్తానన్నవాడి కోసం తడుముకుంటూ వేయించినవి, సగం మాడిపోయాయి. నువ్వు తిను, నాకు పండ్లు లేవు అంది. ఆయన తిన్నాడు, మాడినవాటిని కూడా. తిని, డబ్బా మూసి, కవర్లో పెట్టి, దాన్ని ఇంకో కవర్లో పెట్టి, రెండు గుడ్డలూ చుట్టి, నాలుగు ముళ్ళూ వేసి ఆమె ఒళ్ళో పెట్టాడు.

మరుసటి శనివారం పదకొండు గంటలకు ఏకాంబరం కిటికీ దగ్గరకు వచ్చాడు. లోకేశ్వరి తెర మీద ‘లోపల చేర్చు’ అన్న బొత్తాం పేరు మారుస్తోంది. ఏం రాయాలో తేల్చుకోలేక రాళ్ళమిట్టకు ఫోన్ చేసి చిన్నబ్బనే అడిగింది, ‘ఈ ఇంటోళ్ళు’ అని రాయమన్నాడు. రాస్తూనే ఒక కన్ను కిటికీ మీద వేసి ఉంచింది. ఆయన గురవమ్మ క్యారియర్ చూశాడు, కోమలిది చూశాడు, లోకేశ్వరిది తీశాడు. మొదటి గిన్నె, రెండో గిన్నె. మూడో గిన్నెలో చెంచా పెట్టి అన్నం కదిపాడు. ఆగాడు.

అడుగున రెండు కోడిగుడ్లు ఉన్నాయి.

ఏకాంబరం ఎవరికీ చెప్పలేదు. వెనక్కి తిరిగి చూడలేదు. మూడో గిన్నె మూత, రెండోదాని మూత, మొదటిదాని మూత వరసగా పెట్టేశాడు. గుమ్మందాకా వెళ్ళాక కడుపులో ఉంచుకోలేకపోయాడు. ఇటు తిరిగి, కింద బియ్యం కొట్టువాడికి కూడా వినబడేలాగ అరిచాడు.

"రెండోది నాకైతే, దానికి మిరియాలపొడి యాడ మ్మా?"